లంబాడీ దుస్తులు: బతుకు నుంచి వేదికకు

నందికొండ ప్రాంతంలో పెద్ద సభ జరిగితే అతిథులకు స్వాగతం చెప్పడానికి లంబాడీ నృత్యం పెట్టడం ఆనవాయితీ. ఆ అద్దాలనూ గవ్వలనూ చూసి మన పెద్దలు సంస్కృతి ఎంత ప్రాచీనమోనని మురిసిపోతారు. ఆ బట్టల చరిత్ర ఏమిటని అడిగేవారు అరుదు. సాహిత్య విద్యార్థులు మొదట అడగవలసిన ప్రశ్న అదేనని నా అభిప్రాయం.

ఫేటియా అనే కుచ్చిళ్ల లంగా, కాంచళి అనే రవిక, టుక్రీ అనే తలముసుగు నృత్యం కోసం పుట్టిన వేషం కావు. ఎద్దులమీద ఉప్పూ ధాన్యమూ వేసుకొని దక్కను అంతా తిరిగిన వర్తకజాతి స్త్రీలు రోజూ కట్టుకున్న బట్టలు అవి. వారి మాటలాగే బట్టకూడా రాజస్థాన్‌తో చుట్టరికం చూపుతుంది. స్థిరమైన ఇల్లు లేనివారు ఆస్తిని ఒంటిమీదే దాచుకోవాలి. అందుకే వెండి నాణేలు నగలైనాయి. గవ్వ సైతం ఒకప్పుడు డబ్బుగా చెల్లినదే.

19వ శతాబ్దపు రైళ్లు ఆ వర్తకాన్ని దెబ్బతీశాయి. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం తెచ్చిన నేరస్థ తెగల చట్టం సంచారజాతులను పుట్టుకతోనే అనుమానితులను చేసింది. అప్పుడు, దూరం నుంచే గుర్తుపట్టించే బట్ట తనవారికే కాదు, పోలీసుకూ ఆనవాలైంది.

ఇక్కడ ఐర్లండ్‌తో పోల్చి చూడడం అవసరం. అక్కడి పల్లెజనం తమకున్న మంచిబట్టలతోనే నాట్యమాడేవారు. 1893లో ఏర్పడిన గేలిక్ లీగ్ లేవదీసిన సాంస్కృతికోద్యమం, ఇంగ్లండు పెత్తనానికి ఎదురుగా జాతీయత చాటడానికి నాట్యానికి ప్రత్యేక దుస్తులు కల్పించింది. ప్రాచీన గ్రంథాలలోని అల్లికచిత్రాలు ఆ బట్టలమీదికి ఎక్కాయి. అక్కడ వేదిక కోసం బట్ట పుట్టింది. ఇక్కడ బతుకులోని బట్ట వేదికకే మిగులుతున్నది.

1976 చట్టసవరణతో తెలంగాణ లంబాడీలు షెడ్యూల్డు తెగలలో చేరారు. ఆనాటినుంచి ప్రభుత్వం దృష్టిలో గుర్తింపు బట్టలో లేదు, ధ్రువపత్రంలో ఉంది. బడికీ కూలికీ వెళ్లే అమ్మాయి నలుగురిలో వేలెత్తి చూపించుకోకుండా చీర కడితే, సంస్కృతి నశించిందని విలపించే హక్కు మనకు లేదు. పండుగకు ఆమె ఇష్టపడి ఫేటియా కడితే అదీ ఆమె హక్కే. అతిథుల ముందు కట్టి ఆడమని ఆజ్ఞాపించడమే అన్యాయం.

మన కథల్లో లంబాడీ స్త్రీ ఎంతకాలంగానో రంగుల బొమ్మగా వస్తున్నది. ఆ అద్దాలు కుట్టిన చేతుల శ్రమనూ, ఆ నాణేలు చేజారిన కరువునూ రాసినప్పుడే ఆమె మనిషిగా కనిపిస్తుంది.