నాలుగో కాలమ్: ఐరోపా యూనియన్‌లో చట్టం రాసేదెవరు?

జనం వ్యక్తిగత సమాచారాన్ని ఇష్టారాజ్యంగా వాడుకున్న కంపెనీకి ఎంత జరిమానా వేయాలి? 2012 జనవరిలో ఐరోపా కమిషన్ తన ముసాయిదాలో, ఆ కంపెనీకి ప్రపంచమంతటా కలిపి వచ్చే వార్షిక టర్నోవరులో 2 శాతం దాకా వేయవచ్చని రాసింది. 2014 మార్చిలో ఐరోపా పార్లమెంటు దాన్ని 5 శాతం చేసింది. 2015 జూన్‌లో సభ్యదేశాల మంత్రుల మండలి మళ్లీ 2 దగ్గరే ఆగింది. చివరికి 2016 మే 4న అధికార పత్రికలో అచ్చయిన చట్టంలో ఉన్నది 4 శాతం. మూడు సంస్థలూ తమ తమ వైఖరి ప్రకటిస్తూ విడుదల చేసిన పత్రాలు తిరగేస్తే ఈ 4 ఎక్కడా కనపడదు. మరి ఎవరు రాశారు?

ఆ చట్టాన్ని ప్రపంచం జీడీపీఆర్ అనే పొట్టిపేరుతో ఎరుగును. ఐరోపా యూనియన్ శాసన ప్రక్రియను దాని కథ ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. నా వాదన ఇది: యూనియన్ ఒప్పందాలు చట్టం చేసే దారిని మజిలీలతో సహా వివరంగా చెప్పాయి. అయినా కీలకమైన వాక్యాలు రూపం దిద్దుకునే చోటు పేరు మాత్రం ఆ ఒప్పందాల్లో లేదు. ఆ చోటును అర్థం చేసుకోకుండా కమిషన్, పార్లమెంటు, మండలి అధికారాలను ఎంత వల్లెవేసినా చట్టం ఎలా పుట్టిందో తెలియదు.

ముందుగా పేర్ల చిక్కు ఒకటి తీర్చుకోవాలి. మన పత్రికలు దీన్ని ‘ఐరోపా సమాఖ్య’ అని రాస్తాయి. భారత రాజ్యాంగం గురించి మాట్లాడేటప్పుడు ‘సమాఖ్య’ అనే మాటను మనం మరో అర్థంలో వాడుతున్నాం. ఆ అర్థంలో ఇది సమాఖ్య కాదు. సభ్యదేశాలు తమంతట తామే ఒప్పందం ద్వారా అప్పగించిన అధికారాలు తప్ప దీనికి వేరే అధికారాలు లేవు. కావాలంటే ఒక దేశం బయటికి నడవవచ్చు, బ్రిటన్ 2020లో నడిచింది కూడా. అందుకే ఇక్కడ ‘యూనియన్’ అనే వాడుతున్నాను. ‘మండలి’ దగ్గర ఇంకో గందరగోళం ఉంది. దేశాధినేతలు, ప్రధానులు కూర్చునేది అధినేతల మండలి. అది దిశానిర్దేశం చేస్తుంది గానీ చట్టాలు చేయదు. చట్టాలు చేసేది మంత్రుల మండలి. స్ట్రాస్‌బర్గ్‌లో ఉండే కౌన్సిల్ ఆఫ్ యూరప్ ఈ యూనియన్‌లో భాగమే కాదు. మూడింటినీ కలగలిపేసిన వార్తలు ఇంగ్లీషులోనూ కనిపిస్తుంటాయి కాబట్టి తెలుగు విలేకరులను మాత్రమే తప్పుపట్టలేం.

జీడీపీఆర్‌కు ముందు 1995 నాటి డైరెక్టివ్ ఒకటి ఉండేది. డైరెక్టివ్ అంటే చేరాల్సిన గమ్యం చెప్పి, దారి మాత్రం సభ్యదేశాలకు వదిలేసే చట్టం. ప్రతి దేశమూ దాన్ని తన చట్టంగా మార్చి రాసుకోవాలి. అలా రాసుకోవడంలో ఒక్కో దేశం ఒక్కో దారి పట్టింది. అందుకని 2012 జనవరి 25న కమిషన్ ఉపాధ్యక్షురాలు వివియన్ రెడింగ్ ‘రెగ్యులేషన్’ ప్రతిపాదించారు. రెగ్యులేషన్ ఏ దేశ పార్లమెంటు గుమ్మమూ తొక్కకుండానే నేరుగా అన్ని దేశాల్లోనూ అమలవుతుంది.

ప్రతిపాదన కమిషనే ఎందుకు తేవాలి? యూనియన్‌లో చట్టం ప్రతిపాదించే హక్కు, కొద్ది మినహాయింపులు పోను, కమిషన్‌దే. పార్లమెంటు సభ్యులు తమంతట తాము బిల్లు పెట్టలేరు. ఫలానా విషయం మీద ప్రతిపాదన తెమ్మని కమిషన్‌ను అడగగలరు, అంతే. ప్రజలు ఎన్నుకున్న సభకు బిల్లు పెట్టే హక్కు లేకపోవడమేమిటని మనకు అనిపిస్తుంది. దీని మూలం 1951 నాటి బొగ్గు, ఉక్కు ఒప్పందంలో ఉంది. యుద్ధంలో ఒకరినొకరు చంపుకున్న దేశాలు అవి. ఏ ఒక్క దేశం పక్షమూ వహించని సంస్థ చేతిలో తొలి ముసాయిదా ఉంటేనే వాటికి నమ్మకం కుదిరింది. నాటి ‘హై అథారిటీ’కి వారసురాలు నేటి కమిషన్. దేశానికి ఒకరు చొప్పున 27 మంది కమిషనర్లున్నా, ఎవరూ సొంత దేశం నుంచి ఆదేశాలు తీసుకోకూడదని ప్రమాణం చేస్తారు.

ప్రతిపాదన రాగానే అది సభ్యదేశాల పార్లమెంట్లకూ వెళ్తుంది. ‘ఈ పని యూనియన్ చేయాల్సింది కాదు, మేమే చేసుకోగలం’ అని మూడో వంతు ఓట్లు చెబితే కమిషన్ పునరాలోచించాలి. దీన్ని ‘పసుపు కార్డు’ అంటారు. ఇప్పటిదాకా అది పడింది మూడంటే మూడుసార్లు. జీడీపీఆర్‌కు పడలేదు.

అసలు పోరు పార్లమెంటు కమిటీలో మొదలైంది. పౌరహక్కుల కమిటీ ఈ బిల్లు బాధ్యతను జర్మనీ గ్రీన్ పార్టీ సభ్యుడు యాన్ ఫిలిప్ ఆల్‌బ్రెక్ట్‌కు అప్పగించింది. ఇలాంటి సభ్యుణ్ని ‘రాపోర్టర్’ అంటారు. మన పార్లమెంటులో దీనికి సరిపోలే పదవి లేదు. మంత్రి కాదు, ప్రభుత్వ పక్షమూ కాదు. అయినా ఆ బిల్లుకు సంబంధించినంత వరకు సభ గొంతు ఆయనదే. మిగతా పార్టీలు తలా ఒక ‘నీడ రాపోర్టర్’ను పెట్టుకుంటాయి. కమిటీలన్నీ కలిపి దాదాపు 4 వేల సవరణలు వచ్చాయి. వాటిలో కొన్ని కంపెనీల లాబీ పత్రాల నుంచి మక్కికి మక్కి దించినవని 2013లో లాబీప్లాగ్ అనే వెబ్‌సైట్ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూపించింది. ఆ జూన్‌లోనే అమెరికా నిఘా గుట్టును ఎడ్వర్డ్ స్నోడెన్ బయటపెట్టాడు. సభలో గాలి మారింది. 2014 మార్చి 12న పార్లమెంటు తన వైఖరిని 621 ఓట్లతో ఆమోదించింది. వ్యతిరేకం 10, తటస్థులు 22. మే నెలలో ఎన్నికలున్నాయి. కొత్త సభ వచ్చి మొత్తం తిరగదోడకుండా ముందే ముడి వేసుకున్నారన్నమాట. ఈ కమిటీ గదుల్లో కెమెరా పెట్టి డేవిడ్ బెర్నెట్ తీసిన ‘డెమోక్రసీ’ అనే డాక్యుమెంటరీ 2015లో వచ్చింది. చట్టం తయారీ మీద సినిమా తీయవచ్చని నేను నమ్మింది అది చూశాకే.

మంత్రుల మండలి వేగం వేరు. అక్కడ మంత్రులు కూర్చునే ముందు అధికారుల కార్యవర్గం, ఆ పైన బ్రస్సెల్స్‌లో ఉండే సభ్యదేశాల రాయబారుల కమిటీ ప్రతి పేరానూ జల్లెడ పడతాయి. అధ్యక్షత ఆరు నెలలకోసారి దేశం మారుతుంది. ప్రతిపాదన వచ్చిన నాటి నుంచి సంతకాల దాకా డెన్మార్క్, సైప్రస్, ఐర్లండ్, లిథువేనియా, గ్రీస్, ఇటలీ, లాత్వియా, లక్సెంబర్గ్, నెదర్లాండ్స్ వరుసగా ఈ కుర్చీలో కూర్చున్నాయి. తొమ్మిది చేతులు మారిన బిల్లు ఇది. మండలి తన ఉమ్మడి వైఖరికి వచ్చేసరికి 2015 జూన్ 15 అయింది.

ఓటు లెక్క కూడా చెప్పుకోవాలి. ఇప్పటి పద్ధతిలో మండలి ఒక చట్టం ఆమోదించాలంటే 27లో కనీసం 15 దేశాలు కావాలి, అవి యూనియన్ జనాభాలో 65 శాతానికి తగ్గకూడదు. అడ్డుకోవాలంటే కనీసం నాలుగు దేశాలు కలవాలి. మన జీఎస్టీ కౌన్సిల్‌లో కేంద్రానికి మూడో వంతు, రాష్ట్రాలన్నిటికీ కలిపి మూడింట రెండు వంతుల బరువు ఉంది. రాష్ట్రాల మధ్య మాత్రం సిక్కిం ఓటూ ఉత్తరప్రదేశ్ ఓటూ ఒకటే. ఐరోపావాళ్లు దేశాన్నీ లెక్కపెడతారు, మనుషుల్నీ లెక్కపెడతారు. కానీ ఈ లెక్క చివరి మెట్టు దాకా వచ్చేది తక్కువ. ఓటింగు దాకా పోకుండా సర్దుబాటు చేసుకోవడమే అక్కడి అలవాటు. లెక్క నీడలా వెనక ఉంటుంది, మాటలే ముందు నడుస్తాయి.

ఇక ఒప్పందాల్లో పేరు లేని ఆ చోటు, ఆ గది. పార్లమెంటుకూ మండలికీ ఒకే పాఠం మీద అంగీకారం కుదరకపోతే రెండు పఠనాలు, ఆ తర్వాత సయోధ్య కమిటీ, చివరికి మూడో పఠనం అని ఒప్పందం చెబుతోంది. అంత దూరం నడిచే ఓపిక ఎవరికీ లేదు. 1990ల నుంచి ‘ట్రైలాగ్’ అనే అనధికార భేటీ అలవాటైంది. రాపోర్టర్, నీడ రాపోర్టర్లు, కమిటీ అధ్యక్షుడు ఒక వైపు, మండలి అధ్యక్ష దేశం రాయబారి ఇంకో వైపు కూర్చుంటారు. కమిషన్ ప్రతినిధులు మధ్యవర్తులుగా ఉంటారు. తలుపులు మూసి ఉంటాయి. బల్ల మీద నాలుగు కాలమ్‌ల పట్టిక పరుస్తారు. మొదటి కాలమ్‌లో కమిషన్ పాఠం, రెండో దానిలో పార్లమెంటుది, మూడో దానిలో మండలిది. నాలుగోది మొదట ఖాళీగా ఉంటుంది. రాజీ కుదిరిన కొద్దీ అది నిండుతుంది. జీడీపీఆర్ ట్రైలాగులు 2015 జూన్ 24న మొదలై డిసెంబర్ 15న ముగిశాయి. ఆరు నెలలు కూడా కాలేదు. జరిమానా 4 శాతం, లేదా 2 కోట్ల యూరోలు, ఏది ఎక్కువైతే అది అనే షరతు ఆ నాలుగో కాలమ్ బిడ్డ.

ముందటి మూడు కాలమ్‌లు ఎవరైనా చూడగలిగినవి కాబట్టి, వాటిని తుది చట్టంతో పోల్చి ఎవరెక్కడ తగ్గారో కనిపెట్టవచ్చు. సమాచారం లీకైతే నియంత్రణ సంస్థకు ఎంతసేపట్లో చెప్పాలి? వీలైతే 24 గంటల్లో అని కమిషన్ అంది. అనవసర జాప్యం లేకుండా అని పార్లమెంటు. 72 గంటలు అని మండలి. చట్టంలో 72 నిలిచింది. అయితే తీవ్రమైన ముప్పు ఉన్నప్పుడే చెప్పాలన్న మండలి పట్టు సడలింది. ముప్పు లేదని తేలితే తప్ప చెప్పి తీరాలని రాశారు. గంటలు ఒకరికి, షరతు ఇంకొకరికి దక్కాయి. పదిహేడో అధికరణం శీర్షిక ఇంకా ముచ్చటైనది. కమిషన్ దానికి ‘మరపున పడే హక్కు, తొలగింపు హక్కు’ అని జంట పేరు పెట్టింది. పార్లమెంటు ముందటి సగం కొట్టేసి ‘తొలగింపు హక్కు’ మాత్రం ఉంచింది. తుది పాఠంలో తొలగింపు హక్కే అసలు పేరు. కొట్టేసిన పేరు కొటేషన్ గుర్తుల్లో, బ్రాకెట్లలో తిరిగొచ్చి కూర్చుంది. రాజీ అనేది విరామచిహ్నాల్లో కూడా కనిపిస్తుంది!

పిల్లల వయసు దగ్గర రాజీ కుదిరిందనడం కంటే చేతులెత్తేశారనడం సబబు. తల్లిదండ్రుల అనుమతి లేకుండా పిల్లలు ఆన్‌లైన్ సేవలకు సమ్మతి ఇవ్వగల వయసు 13 అని కమిషన్ రాస్తే, చివరికి 16 అని పెట్టి, కావాలంటే ఏ దేశమైనా 13 దాకా తగ్గించుకోవచ్చని వదిలేశారు. జర్మనీ 16 ఉంచుకుంది, ఫ్రాన్స్ 15 అంది, స్పెయిన్ 14 అంది. అందరికీ ఒకే చట్టం కావాలని డైరెక్టివ్‌ను పక్కన పెట్టి తెచ్చిన రెగ్యులేషన్ ఈ చోట తిరిగి డైరెక్టివ్ అయిపోయింది.

ఏ కాలమ్‌లోనూ లేని చేయి ఇంకొకటుంది. లక్సెంబర్గ్‌లోని యూనియన్ న్యాయస్థానం. ట్రైలాగులు నడుస్తుండగానే, 2015 అక్టోబర్ 6న, మాక్స్ ష్రెమ్స్ కేసులో ఆ కోర్టు అమెరికాకు సమాచారం పంపే ‘సేఫ్ హార్బర్’ ఏర్పాటును కొట్టేసింది. బయటి దేశంలో రక్షణ ఐరోపా రక్షణకు ‘సారంలో సమానం’గా ఉండాలని చెప్పింది. ఆ మాట చట్టం పీఠికలో 104వ పేరాలోకి చేరింది. బల్ల దగ్గర కుర్చీ లేని సంస్థ ఒక వాక్యం రాయగలగడం ఈ వ్యవస్థలో మామూలే.

ఆ తర్వాత జరిగింది లాంఛనం. 2016 ఏప్రిల్ 8న మండలి ఆమోదించింది. కొన్ని చోట్ల తమ దేశంలో ఉన్న రక్షణ కంటే ఇది తక్కువని ఆస్ట్రియా ఒక్కటే వ్యతిరేకించింది. ఆరు రోజులకు పార్లమెంటు ఒక్క అక్షరం మార్చకుండా ఒప్పుకుంది. 27న సంతకాలయ్యాయి. మండలి తరఫున సంతకం చేసింది నెదర్లాండ్స్ రక్షణ మంత్రి! శాఖ ఏదైనా మండలి ఒకటే కాబట్టి, ఆ రోజు కుర్చీలో ఎవరుంటే వారి సంతకం.

మూసిన తలుపుల మీద విమర్శ లేకపోలేదు. పార్లమెంటులో పనిచేసి రిటైరైన అధికారి ఎమీలియో డి కాపితాని, వేరే బిల్లుల నాలుగో కాలమ్ చూపించమని పార్లమెంటును అడిగారు. కాదన్నారు. ఆయన కోర్టుకెక్కారు. 2018 మార్చి 22న యూనియన్ జనరల్ కోర్టు ఆయన పక్షాన తీర్పిస్తూ, ఈ పత్రాలన్నీ రహస్యమేనని ముందుగానే అనుకోవడానికి వీల్లేదనీ, ఇవ్వకపోతే దేనికది కారణం చూపాలనీ చెప్పింది. తీర్పు మంచిదే. కానీ అడిగిన పత్రం చేతికొచ్చేసరికి ఒప్పందం కుదిరిపోయి ఉంటే పౌరుడికి మిగిలేది చరిత్రే. ట్రైలాగ్ వల్ల చట్టాలు త్వరగా వస్తున్నాయన్న వాదన నిజమే అయినా, నాలుగో కాలమ్‌ను నిండుతుండగానే బయటపెట్టడానికి అది అడ్డు కాదని నా అభిప్రాయం.

మన అనుభవంతో పోల్చి చూస్తే ఈ విమర్శకు ఒక హద్దు కూడా ఉంది. మన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ బిల్లు 2023 ఆగస్టు 3న లోక్‌సభకు వచ్చింది. 7న అక్కడ, 9న రాజ్యసభలో గట్టెక్కి, 11న రాష్ట్రపతి ఆమోదం పొందింది. దాని వెనక గోప్యత హక్కుపై 2017 నాటి పుట్టస్వామి తీర్పు, శ్రీకృష్ణ కమిటీ నివేదిక, వెనక్కి తీసుకున్న 2019 బిల్లు ఉన్నాయి కాబట్టి ఎనిమిది రోజుల చట్టం అనడం అన్యాయం. అయినా ఫలానా నిబంధన ఎవరు పట్టుబడితే వచ్చిందో, ఎవరు తగ్గితే పోయిందో తేల్చడానికి మన పరిశోధకుడి ముందు మూడు కాలమ్‌లు లేవు. బ్రస్సెల్స్ గది మూసి ఉన్నా దాని కిటికీలు తెరిచే ఉన్నాయి.

ఐరోపా క్లయింట్ల డేటా చూసే హైదరాబాద్ కంపెనీకి ఇదంతా దూరపు సంగతి కాదు. లీకు జరిగితే జాప్యం లేకుండా ఆ క్లయింట్‌కు తెలపాల్సిన బాధ్యత 33వ అధికరణం ప్రకారం దానిదే. విషయం తెలిసినప్పటి నుంచి క్లయింట్‌కు 72 గంటలు మొదలవుతాయి. 2025 నవంబర్ 19న కమిషన్ డిజిటల్ చట్టాల సవరణకు కొత్త ప్రతిపాదన పెట్టింది. ఒకప్పుడు 24 గంటలు అడిగిన కమిషన్, ఇప్పుడు ఆ 72ను 96 చేయమంటోంది. తీవ్రమైన ముప్పు ఉన్నప్పుడే చెప్పాలన్న మండలి పాత మాట కూడా ఈసారి మొదటి కాలమ్‌లోనే ఉంది.