ఈతకల్లు – పులియుటలోని శాస్త్రము

భైంసా ప్రాంతమున తెలుగువారు ఈతకల్లు అనుదానిని ఉర్దూవారు సేంధి యనియు, మరాఠీవారు శిందీ యనియు వ్యవహరింతురు. ముధోలు తాలూకా 1956 వఱకు నాందేడు జిల్లాలోనిది గనుక మూడు భాషలును ఇచ్చట కలసియున్నవి. పేరేదైనను దానిని దింపిన చేయి మన గౌడులది. అబ్కారీ దస్తరములకు కావలసినది చెట్టుపన్ను. గీతవిద్యను వ్రాసిపెట్టుట వారి పని కాదు. ఈతమ్రానుపై ఏటేట కుడియెడమలుగా పడిన గీతలే మాకు మిగిలిన దస్తరము. వానిని లెక్కించి ఎన్నియేండ్లు గీసిరో చెప్పవచ్చును.

బీరు చేయువానికి బార్లీగింజ ఆధారము. గింజలోని పిండి నేరుగా పులియదు. గింజను నానవేసి, మొలకెత్తించి, ఎండించి, వేడినీట కలిపినగాని అది చక్కెర కాదు. ఈ మార్పునకు కారణమైన ద్రవ్యమును పాయెన్, పెర్సో అను ఫ్రెంచి పండితులు 1833లో వేఱుపఱచి డయాస్టేజు అనిరి. మన ఈతచెట్టు ఆ పనియంతయు తానే ముగించి, నూటికి సుమారు పదిపాళ్లు చక్కెరగల నీటిని లొట్టిలో విడుచును. కావున బీరువాని శ్రమ పులియజేయుటకు. గీతకాని శ్రమ పులుపును అదుపులో నుంచుటకు.

లొట్టిలో ఎవరును తోడు వేయరు. గాలినుండి, ఈగలనుండి, పాతలొట్టి గోడనుండి ఈస్టు తానే చేరును. పులియుట ప్రాణుల కార్యమని పాస్తరు 1857 మొదలుకొని నిరూపించెను. బుఖ్నరు 1897లో ఈస్టును నూఱి తీసిన రసముకూడ చక్కెరను పులియించునని చూపి 1907లో నోబెలు బహుమానము పొందెను. కల్లునందు జైమోమోనాస్ అను సూక్ష్మజీవియు పనిచేయును. మెక్సికోవారి పుల్కేలోను అదియే కలదు గనుక పుల్కే మన కల్లునకు దూరపు చుట్టమనవచ్చును! రాత్రిచల్లదనమున ఈ పని మందగించును. ఎండ యెక్కినకొలది వేగిరపడును. ఆపై వేఱొక జాతి జీవులు గాలి నాధారము చేసికొని మద్యసారమును సిర్కాగా మార్చును. తెల్లవాఱకముందే చెట్టెక్కుట, లొట్టిని కడిగి కట్టుట, నీరాకు సున్నము పూయుట మూఢాచారములు కావు.

చక్కెరలో రమారమి సగము మద్యసారము, సగము బొగ్గుపులుసు వాయువు అగునని గేలుస్సాకు 1815లోనే లెక్కగట్టెను. ఆ వాయువే మన నురుగు. పదిపాళ్ల చక్కెరనుండి తూకమున అయిదుపాళ్లకు మించి మద్యసారము పుట్టదు. ఒక్క లొట్టితో మనుష్యుడు స్మృతి తప్పిపడెనేని ఆ మత్తు చెట్టుది కాదు. క్లోరల్ హైడ్రేటు, డయాజిపాము, ఆల్ప్రజోలాము కలిపిన మందుకల్లు త్రాగ నలవాటుపడి, అది దొరకనినాడు వణుకు, మూర్ఛ వచ్చి ఆసుపత్రుల పాలైనవారు తెలంగాణమున పెక్కురు. నింద మాత్రము గీతకానిపై పడినది.

దుకాణములుగల మన పోషకులు తమ చెట్లెన్నియో, అవి దినమున కిచ్చు నీరెంతయో, తాము అమ్మునది యెంతయో ఒక్క కాగితముపై వ్రాసి చూచుకొనవలెనని మా ప్రార్థన.