ఉద్దానం పెరళ్ళలో సువాసన గులాబి

చైనా నుంచి ఐరోపాకు చేరిన టీ గులాబీలను అక్కడి హైబ్రిడ్ పర్పెచువల్ గులాబీలతో సంకరపరచగా ఏర్పడిన వర్గాన్ని హైబ్రిడ్ టీ అంటారు. పొడవైన కాడకు సాధారణంగా ఒకే పెద్ద పువ్వు, ఏడాదిలో పలుమార్లు పూత దీని లక్షణాలు. 1867లో లియాన్ నగరపు గియో వెలువరించిన ‘లా ఫ్రాన్స్’ను ఈ వర్గంలో మొదటిదిగా లెక్కించడం ఆనవాయితీ.

ఈ వర్గంలో ఘాటైన వాసనకు పేరుపడిన ముదురు ఎరుపు రకాలలో చాలావాటి వంశం, 1935లో జర్మనీలో కోర్డెస్ విడుదల చేసిన ‘క్రిమ్సన్ గ్లోరీ’ని చేరుతుంది. దాని సంతతికి చెందిన ‘క్రైస్లర్ ఇంపీరియల్’ను ‘చార్లెస్ మల్లరాన్’తో కలపగా ఫ్రాన్సులో ‘పాపా మెయ్యాన్’ (1963), అమెరికాలో ‘మిస్టర్ లింకన్’, ‘ఓక్లహామా’ (1964) పుట్టాయి; వేర్వేరు దేశాలలో పుట్టినా ఈ మూడూ తోబుట్టువులే. తర్వాతి కాలంలో పూల వ్యాపారం కోసిన పువ్వు ఎన్నాళ్ళు నిలుస్తుందన్నదే చూడడంతో వాసన వెనకబడింది. గులాబి వాసనకు ముఖ్యమైన జెరానియాల్ అనే తైలపదార్థం తయారీలో ఒక ప్రత్యేక ఎంజైముకు పాత్ర ఉందని 2015లో తేల్చిన పరిశోధనకు ‘పాపా మెయ్యాన్’ పువ్వు ఆధారమైంది. భారతదేశంలో గులాబి సాగుకు శాస్త్రీయమైన పునాది వేసినవారిలో గోధుమ శాస్త్రవేత్త బి. పి. పాల్ ముఖ్యుడు, ఆయన కొత్త గులాబి రకాలనూ సృష్టించాడు.

శ్రీకాకుళం జిల్లా తీరాన కొబ్బరి, జీడిమామిడి, పనస తోటల ఉద్దానంలో గులాబి అతిథి మాత్రమే, ఈ తీరానికి సహజమైన పరిమళం మొగలిది. పలాస, టెక్కలి ప్రాంతాల పెరళ్ళకు వచ్చే మొక్కలు ఎక్కువగా కడియం నర్సరీలవి. అవి మొండి జాతి గులాబి కాండంపై కోరిన రకం కన్నును అతికించిన కన్నంటు మొక్కలు కనుక, అంటు కింది నుంచి లేచే చిగుళ్ళను ఎప్పటికప్పుడు తుంచకపోతే మేలురకం చచ్చి మొండి జాతే మిగులుతుంది. తీరపు ఇసుక నేల నీటినీ ఎరువునూ నిలుపుకోదు. అందువల్ల అర మీటరు లోతు గుంతలో చెరువు మట్టి, బాగా చివికిన పశువుల గెత్తం, వేపపిండి కలిపి నింపి, అంటు భాగం నేలకు పైనుండేలా నాటి, పాదును కొబ్బరి పీచుతో కప్పడం మేలు. కొబ్బరి చెట్ల నీడ చల్లగా ఉన్నా గులాబికి పనికిరాదు. రోజుకు కనీసం ఐదారు గంటల ఎండ తగలని మొక్క ఆకే తప్ప పూవు ఇవ్వదు.

గాలిలో తేమ ఎక్కువైనప్పుడు ఆకులపై నల్లటి గుండ్రని మచ్చలు వేసి, చుట్టూ పసుపెక్కి రాలిపోవడం నల్లమచ్చ తెగులు లక్షణం. సాయంత్రం ఆకులు తడిసేలా నీళ్ళు పోయడం దీన్ని పెంచుతుంది. ఎండాకాలంలో ఆకుల అడుగున చేరే ఎర్రనల్లి దీనికి భిన్నంగా పొడి వాతావరణంలో విజృంభిస్తుంది.

కొమ్మల కత్తిరింపుకు తగిన కాలం వానలు వెనకబట్టే అక్టోబరు, నవంబరు నెలలు. అయితే ఈ తీరంలో అక్టోబరు తుపానుల కాలం కూడా. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ తుపాను కొబ్బరి, జీడి తోటలను నేలమట్టం చేసింది. కాబట్టి కత్తిరింపును నవంబరుకు జరపడమే వివేకం. కత్తిరించిన ఆరేడు వారాలకు మొగ్గలు విచ్చుకుంటాయి. చలి ఉన్నంతకాలం రేకులు మందంగా, వాసన నిండుగా ఉంటుంది. మార్చి దాటాక ముదురు ఎరుపు రకాల రేకుల అంచులు మాడుతాయి, పరిమళ తైలాలు వేడికి త్వరగా ఆవిరైపోతాయి. అప్పటి పువ్వును ఎండ ముదరకముందే కోసి నీళ్ళలో ఉంచాలి.