ముఖానికి ముసుగు: 1911 మంచూరియా, 1918 సాన్‌ఫ్రాన్సిస్కో అనుభవాలు – సంఘానికి పాఠాలు

ఉపోద్ఘాతం

కుష్ఠరోగి పై పెదవిని కప్పుకొని తన అపవిత్రతను తానే చాటుకోవాలని లేవీయకాండము 13:45 ఆజ్ఞాపిస్తుంది. యెహెజ్కేలు 24:17లో ఇదే చర్య దుఃఖానికి గుర్తు. మీకా 3:7లో సిగ్గుపడిన దీర్ఘదర్శులకు గుర్తు. ఈ మూడుచోట్లా ముసుగు, దాన్ని వేసుకున్నవాని స్థితిని ఇతరులకు తెలియజేస్తుంది.

2020లో మన సంఘాల్లో మాస్కు గురించి జరిగిన వాదోపవాదాల వెనుక కూడా కొంతవరకు ఈ భావమే ఉంది. “నాకు జబ్బు లేదు కదా, నాకెందుకు?” అని కొందరు, “విశ్వాసికి భయమెందుకు?” అని మరికొందరు అడిగారు. అయితే ఆధునిక కాలంలో మాస్కు రోగి ముఖం మీదికంటే ముందు వైద్యుని ముఖం మీదికి వచ్చింది. ఈ మార్పును ప్రజలు ఎంతవరకు అర్థం చేసుకున్నారో రెండు చారిత్రక సంఘటనల ఆధారంగా పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

1. మంచూరియాలో ప్లేగు (1910–11)

1910 చివరిలో ఈశాన్య చైనాలోని మంచూరియాలో ప్లేగు ప్రబలింది. 1896లో బొంబాయిలో చెలరేగిన ప్లేగు తరువాతి సంవత్సరాల్లో జరిగిన పరిశోధనల వల్ల ఈ వ్యాధి ఎలుకల నుండి, వాటి మీది గోమార్ల ద్వారా మనుషులకు సోకుతుందని వైద్యలోకం గ్రహించింది. కాని మంచూరియాలోనిది గడ్డల ప్లేగు కాదు, ఊపిరితిత్తుల ప్లేగు. సోకినవారిలో దాదాపు ఎవరూ బ్రతకలేదు.

డిసెంబరు 24న హార్బిన్ చేరుకున్న 31 సంవత్సరాల వైద్యుడు వూ లియెన్ తే, ఒక మృతదేహాన్ని పరీక్షించి, వ్యాధి దగ్గు తుంపరల ద్వారా మనిషి నుండి మనిషికి నేరుగా వ్యాపిస్తోందని నిర్ధారించాడు. పెనాంగ్‌లో జన్మించి కేంబ్రిడ్జిలో చదివిన ఈయన, గాజుగుడ్డ మడతల మధ్య దూది పెట్టి కట్టుకునే చౌకైన మాస్కును తయారుచేయించి అందరూ వాడాలని కోరాడు.

ఆయన మాటను అందరూ నమ్మలేదు. అనుభవజ్ఞుడైన ఫ్రెంచి వైద్యుడు మెస్నీ, వూ అభిప్రాయాన్ని తోసిపుచ్చి, మాస్కు లేకుండానే రోగులను పరీక్షించాడనీ, కొద్ది రోజుల్లోనే ప్లేగుతో మరణించాడనీ వూ తన ఆత్మకథలో వ్రాశాడు. ఇది వివాదంలో ఒక పక్షంవారి కథనమని మరువరాదు. మెస్నీ 1911 జనవరిలో మరణించిన మాట మాత్రం వాస్తవం. ఆ మరణం తర్వాత హార్బిన్ వీధుల్లో దాదాపు ప్రతివారి ముఖానా మాస్కు కనిపించింది. అయితే కొందరు దాన్ని చెవికి వేలాడదీసుకొన్నారనీ, కొందరు తాయెత్తులా మెడలో కట్టుకొన్నారనీ వూ పేర్కొనడం గమనార్హం. మాస్కు ప్రజలకు చేరింది గాని దాని వెనుకనున్న అర్థం ఇంకా చేరలేదు.

అదే పట్టణంలోని ఫుజియాడియన్ ప్రాంతంలో ఒక రోమన్ కథోలిక సంఘం ఆవరణలో మరింత విషాదం జరిగింది. అక్కడ రోగులను గురించి అధికారులకు తెలియజేయలేదు. విశ్వాసులు ఒకేచోట కలిసి ఉండిపోయారు. వారిలో అత్యధికులు, వారితోపాటు ఫ్రెంచి గురువులు కూడా చనిపోయారు. వారి ప్రేమను ఎవరూ శంకించలేరు. అయితే తమ దగ్గరితనమే పొరుగువానికి మరణద్వారమవుతుందన్న సంగతి ఆ ప్రేమకు తెలియలేదు.

2. మాస్కు ధరించీ మరణించిన మిషనరీ

దీనికి భిన్నమైన సాక్ష్యం ముక్డెన్ పట్టణంలో కనిపిస్తుంది. స్కాట్లాండు ప్రెస్బిటేరియన్ మిషన్ వైద్యుడు ఆర్థర్ జాక్సన్ అక్కడికి వచ్చి కొన్ని వారాలే అయింది. నూతన సంవత్సర పండుగకు స్వగ్రామాలకు వెళుతున్న కూలీల రైలును ప్లేగు కారణంగా వెనక్కి పంపగా, వారిని పరీక్షించే బాధ్యత ఆయన తీసుకొన్నాడు. తెల్లని రక్షణ దుస్తులు వేసుకొని, ముఖానికి ముసుగు కట్టుకొని పనిచేశాడు. అయినా వ్యాధి సోకింది. 1911 జనవరి 25న తన 26వ యేట ప్రభువునందు నిద్రించాడు.

మాస్కు వేసుకోని మెస్నీ చనిపోయాడు, వేసుకొన్న జాక్సన్ కూడా చనిపోయాడు. అలాగైతే మాస్కు వ్యర్థమా? కాదు. అది ప్రమాదాన్ని తగ్గించే సాధనమే గాని ప్రాణానికి పూచీ కాదు. జాక్సన్ దాన్ని ధరించడం ఆయన అవిశ్వాసానికి గుర్తని ఎవరు చెప్పగలరు? ఆ సంవత్సరం వసంతానికి ప్లేగు అణగిపోయింది. అప్పటికి దాదాపు 60,000 మంది మరణించారు. మాస్కుతోపాటు రాకపోకల కట్టడి, రోగులను వేరుచేయడం, శవదహనం అన్నీ కలిసే ఈ ఫలితాన్నిచ్చాయి.

3. సాన్‌ఫ్రాన్సిస్కోలో అరువు తెచ్చుకొన్న అర్థం (1918–19)

ఏడేళ్ల తర్వాత ఇన్‌ఫ్లుయెంజా ప్రపంచాన్ని ముంచెత్తినప్పుడు మాస్కు అమెరికా వీధుల్లోకి వచ్చింది. 1918 అక్టోబరు చివరిలో సాన్‌ఫ్రాన్సిస్కో నగరం మాస్కును చట్టప్రకారం తప్పనిసరి చేసింది. అతిక్రమించినవారికి జరిమానా, జైలు కూడా ఉండేవి. సంఘాలు ఆరుబయట మాస్కులతో ఆరాధనలు జరుపుకొన్నాయి.

అది యుద్ధకాలం. మాస్కు వేసుకోనివాడు యుద్ధబాధ్యతను ఎగవేసినవానితో సమానమని ప్రచారం జరిగింది. మాస్కు దేశభక్తికి గుర్తయింది. అయితే నవంబరు 11న యుద్ధం ముగిసింది. నవంబరు 21 మధ్యాహ్నం మాస్కు నిబంధన ఎత్తివేయగానే ప్రజలు వాటిని తీసి వీధుల్లో పారవేశారు. వ్యాధి మళ్లీ పెరగడంతో 1919 జనవరి 17 నుండి నిబంధన తిరిగి అమలులోకి వచ్చినా ఈసారి ప్రజలు లోబడలేదు. మాస్కు వ్యతిరేక సంఘం ఒకటి ఏర్పడి జనవరి 25న బహిరంగ సభ జరిపింది. ఫిబ్రవరి 1న నిబంధన రద్దయింది.

పల్చని గాజుగుడ్డ మాస్కుల సామర్థ్యం కూడా పరిమితమే. వాటి మడతలు పెంచితే ఊపిరాడదనీ, అంచుల నుండి గాలి దూరుతుందనీ, వాటిని తప్పనిసరి చేసినంత మాత్రాన వ్యాధి అదుపులోకి రాదనీ కాలిఫోర్నియా ఆరోగ్యశాఖకు చెందిన డబ్ల్యు. హెచ్. కెల్లాగ్ ప్రభృతులు 1920లో ప్రయోగపూర్వకంగా ప్రకటించారు. ప్రజలకు మాత్రం ఈ పరిమితిని ముందుగా ఎవరూ వివరించలేదు. దేశభక్తి నుండి అరువు తెచ్చుకొన్న అర్థం యుద్ధంతోనే ముగిసిపోయింది.

4. మన సంఘాలకు అన్వయింపు

2020 జూన్ 8 నుండి ప్రార్థనా స్థలాలు తెరవడానికి కేంద్ర ప్రభుత్వం అనుమతించినప్పుడు మాస్కు తప్పనిసరి అన్నది, బృందగానం వద్దన్నది. గుమ్మం దగ్గర మాస్కు ముక్కు మీద ఉండేది, పాట మొదలయ్యేసరికి గడ్డం కిందికి జారేది. గాలి గట్టిగా విడిచేది పాడేటప్పుడే కదా! హార్బిన్‌లోని తాయెత్తే మన మందిరాల్లోకి వచ్చింది. తప్పు విశ్వాసులది మాత్రమే కాదు. “వేసుకోండి” అని ప్రకటించిన కాపరులమైన మనం “ఎందుకు” అన్నది ఎంతమందికి వివరించాం?

లేవీయకాండములోని ముసుగు “నేను అపవిత్రుణ్ణి” అన్నది. నేటి మాస్కు “నాలో ఏముందో నాకే తెలియదు, అయినా నా వల్ల నీకు హాని కలగకూడదు” అంటుంది. రోగిని ఒంటరిని చేసే గుర్తు, అందరూ కలిసి మోసే బాధ్యతగా మారింది. గలతీయులకు 6:2లో పౌలు ఒకరి భారాలను ఒకరు మోయమని చెప్పిన దానికి ఇది చాలా దగ్గరగా ఉంది.

ముగింపు

మరో తెగులు వచ్చినప్పుడు మాస్కు అవసరమో కాదో వైద్యులు చెబుతారు. అది భక్తికి పరీక్షా, ప్రభుత్వానికి లొంగుబాటా, లేక పొరుగువాని పట్ల ప్రేమా అన్నది మాత్రం బలిపీఠం దగ్గర నుండే ప్రజలకు తెలియాలి. ఆ బోధను జబ్బు వచ్చాక మొదలుపెడితే ఆలస్యమవుతుంది. ఫుజియాడియన్ ఆవరణలోని విశ్వాసులకు ఆ సంగతి చెప్పేవారు సమయానికి దొరకలేదు.