ఉర్ పలక మీద అయిదు పువ్వులు

పలక దొరికింది, పావులు దొరికాయి. ఎలా ఆడాలో మాత్రం తెలియలేదు.

1922–34 మధ్య ఇరాక్‌లోని ఉర్ నగరంలో తవ్వకాలు జరిపించిన లియొనార్డ్ వూలీకి రాజుల సమాధుల్లో ఈ ఆటపలకలు కనిపించాయి. వాటి వయసు దాదాపు 4,500 ఏళ్లు. బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న పలకను దగ్గరగా చూడాలి: ఆల్చిప్ప పెంకు, ఎర్రరాయి, నీలిరాయి తాపడం చేసిన ఇరవై గడులు. ఒక కొసన పన్నెండు, రెండో కొసన ఆరు, రెంటినీ కలుపుతూ రెండు. అయిదు గడుల్లో మాత్రం ఎనిమిది రేకుల పువ్వు. అది అందానికా, ఆటకా?

జవాబు అదే మ్యూజియంలో ఒక మట్టిఫలకం మీద ఉంది. క్రీ.పూ. 177 ప్రాంతంలో ఇత్తి-మర్దుక్-బలాతు అనే బాబిలోనియా లేఖకుడు రాశాడు. 1980లలో ఆ మ్యూజియం నిపుణుడు ఇర్వింగ్ ఫింకెల్ దాన్ని చదివాడు. ముందువైపు రాశిచక్రం గడులు, వెనుకవైపు ఆట సంగతులు. అయిదు పావులకూ పక్షుల పేర్లు. పందేనికి గొర్రె, ఎద్దు చీలమండ ఎముకలు. ఫలానా పందెం పడితేనే ఫలానా పక్షి బరిలోకి దిగాలి. అష్టాచెమ్మా ఆడినవాళ్లకు ఈ పద్ధతి కొత్తేమీ కాదు. పువ్వు గడిలో ఆగితే లాభం, దాటిపోతే నష్టం. అంటే పువ్వు ఆటకే!

అయితే తొందరపడకూడదు. పలకకూ ఫలకానికీ నడుమ రెండువేల ఏళ్లకు పైగా దూరం. ఉర్‌లో ఒక్కొక్కరికి ఏడేసి పావులు, పందేనికి నాలుగు ముఖాల పాచికలు. పలక ఆకారమూ తర్వాత మారింది: ఈజిప్టు రాజు టుటన్‌ఖామున్ సమాధిలోని ఆటపెట్టెల మీద చిన్న కొస సాగి, ఒంటి వరుస తోకలా ఉంటుంది. ఇరవై గడుల లెక్క మాత్రం చెదరలేదు. అందుకే నా దృష్టిలో ఫలకం చెప్పేది ఉర్ ఆట గురించి కాదు, దాని ముదిమనవడి గురించి.

రాజుల ఆటన్న పేరూ పూర్తిగా నిజం కాదు. ఖోర్సాబాద్‌లో అస్సీరియా రాజు రెండో సార్గోన్ కోటద్వారాన నిలిచిన రెక్కల ఎద్దు పీఠం మీద ఎవరో ఇవే గడులు గీసుకున్నారు. కాపలావాళ్లే అయి ఉంటారు.

ఫింకెల్ వెతుకులాట చివరికి మన కొచ్చిదాకా వచ్చింది. అక్కడి నుంచి ఇజ్రాయెల్‌కు వెళ్లి స్థిరపడిన ఒక యూదు మహిళ చిన్నప్పుడు ఇరవై గడుల పలక మీద ఆడేది. మెసొపొటేమియా నుంచి అది కొచ్చికి ఏ దారిన చేరిందన్నది ఊహే. కానీ పలక ముందు కూర్చుని ఆడిన మనిషి చెప్పిన మాట ఈ వెతుకులాటలో అదొక్కటే.