పిలిచింది దొర కాదు, పేరయ్య

"మీ తాతలు పాలపిండికి మారినోళ్ళే కదా సార్" అన్నాడు స్టాఫ్ రూములో ఒకాయన, నవ్వుతూనే. అక్కడ ఊరుకున్నాను. ఇక్కడ ఊరుకోను.

ఎర్రగుంట్ల పేరయ్య. ఒంగోలు ప్రాంతం తాళ్ళకొండపాడు మాదిగ. తోళ్ళ వ్యాపారం మీద ఏలూరు వైపు పోయినప్పుడు క్రీస్తు మాట విన్నాడు. అప్పటికే రాజయోగ సాధన చేసినవాడు, ఏమీ తెలియక తలూపిన మనిషి కాదు. 1866లో భార్య నాగమ్మతో కలిసి బాప్తిస్మం తీసుకున్నాడు. క్లౌ దొర ఒంగోల్లో కాపురం పెట్టింది ఆ తర్వాతే! ఆ లోపల పేరయ్య తన బంధువుల్లో బోధ చెప్పుకుంటూ తిరిగాడు. 1867 జనవరిలో దొర తాళ్ళకొండపాడు వెళితే 28 మంది బాప్తిస్మానికి సిద్ధంగా ఉన్నారు. మరి ఎవరు ఎవరిని పిలిచినట్టు?

మాదిగల్ని చేర్చుకుంటే మేం రామన్నారు పై కులాలవాళ్ళు. దొర, దొరసాని ఎవరికి వారు బైబిలు తెరిస్తే ఇద్దరికీ కొరింథీయుల మొదటి పత్రిక మొదటి అధ్యాయమే కనబడిందట. దేవుడు నీచులుగా ఎంచబడినవారిని ఏర్పరచుకున్నాడనే చోటు. దొర మనవాళ్ళ వైపే నిలబడ్డాడు.

ఇక పిండి సంగతి. 1876-78 కరువులో క్లౌ బకింగ్‌హాం కాలువ కాంట్రాక్టు పట్టి వేలమందికి కూలి ఇప్పించాడు. కడుపు కోసం వస్తారేమోనని ఆ రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. అయినా జనం ఆగలేదు. 1878 జులై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది మునిగి లేచారు. నీళ్ళలో నిలబడి బాప్తిస్మం ఇచ్చింది తెలుగు బోధకులే.