పాలరాతి మగవాడు, గోచీ కట్టిన మగవాడు

ఒంటిమీద బట్ట లేని మగవాడి బొమ్మను ఒకచోట గొప్ప కళ అన్నారు. ఇంకోచోట ఆటవికతకు రుజువు అన్నారు. ఈ తేడా ఎలా వచ్చిందో మన పిల్లలకు తెలియాలి.

గ్రీకు దేశంలో క్రీ.పూ. 600 నాటికే నగ్న యువకుల రాతి విగ్రహాలు చెక్కేవారు. క్రీ.పూ. 440 ప్రాంతంలో పోలిక్లిటస్ అనే శిల్పి ఈటె పట్టిన యువకుణ్ణి కంచుతో పోతపోశాడు. ఏ అవయవం ఎంత ఉండాలో లెక్కకట్టి చేసిన బొమ్మ అది. అసలుది పోయింది, రోమన్లు చేయించుకున్న పాలరాతి నకళ్లు మిగిలాయి. గ్రీకులకు ఆ నగ్నత్వం సిగ్గుపడేది కాదు. కసరత్తు చేసి యుద్ధానికి సిద్ధమైన పౌరుడికి అది గుర్తు. అయితే ఏథెన్స్‌లో బానిసలు వ్యాయామశాలల్లో కసరత్తు చేయకూడదని చట్టం ఉండేది. ఆ మగతనం అక్కడ కూడా అందరిదీ కాదన్నమాట. మైకెలాంజిలో 1504లో పూర్తిచేసిన 17 అడుగుల దావీదు విగ్రహం కూడా ఆ దారిలోదే.

మరి అదే యూరప్ మనలాంటి వాళ్లను ఎలా చూసింది? 1869లో హక్స్‌లీ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త, సామ్రాజ్యంలోని జాతులవాళ్లను బట్టలు లేకుండా, పక్కన కొలబద్ద పెట్టి ఫోటో తీయాలని సూచనలు రాశాడు. అదే ఏడాది లాంప్రే అనే ఆయన, పట్టుదారాలతో రెండేసి అంగుళాల గళ్లు కట్టి, వాటి ముందు మనిషిని నిలబెట్టే పద్ధతి ప్రకటించాడు. గ్రీకు శిల్పి కొలతలతో ఆదర్శ పురుషుణ్ణి చేశాడు. వీళ్లు అవే కొలతలతో మనిషిని మ్యూజియం వస్తువుగా చేశారు. అలాంటి ఫోటోల కింద చాలాచోట్ల జాతి పేరే ఉంటుంది, మనిషి పేరు ఉండదు.

1938లో శాంతినికేతన్‌లో రాంకింకర్ బైజ్ ఆరుబయట సిమెంటు, కంకరతో ‘సంతాల్ కుటుంబం’ చేశాడు. ఆయన సంతాల్ కాదు. కానీ వాళ్లను రోజూ చూసినవాడు. అందులోని మగవాడు భుజాన కావడి మోస్తాడు, తట్టలో బిడ్డ కూర్చుంటుంది. భార్య అతని పక్కనే అడుగేస్తుంది, కుక్క వెంట నడుస్తుంది. అతని బలమంతా ఇల్లు మోయడానికే.

ఈరోజు మన కుర్రాళ్లు సినిమా హీరో కండలు చూసి మురిసిపోతారు, గోచీ కట్టిన తాత ఫోటో చూపించడానికి సిగ్గుపడతారు. ఉపాధ్యాయులం ఈ మూడు బొమ్మలనూ తరగతిలో పక్కపక్కన పెడదాం. ఎవరు చేశారు, ఎవరి కోసం చేశారు, అందులోని మనిషిని అడిగారా అని పిల్లలనే అడుగుదాం. తర్వాత వాళ్ల తాత ఫోటో తెమ్మని, దాని కింద ఆయన పేరు, ఊరు, చేసిన పని రాయిద్దాం.